చిలుక కనబడుటలేదు

హెర్బర్టు ఇంట్లో చిలుక ఈకలు రాల్చడం కొత్తేమీ కాదు. ఏటా వానలు మొదలయ్యాక పంజరం కింద నాలుగైదు ఈకలు కనబడేవి. ఆ ఏడు మాత్రం జూన్ ఆఖరి వారం నుంచి చీపురు పట్టిన ప్రతిసారీ దోసెడు వచ్చాయి. మెడ చుట్టూ, రెక్కల కింద ముళ్లలాంటి మొలకలు పొడుచుకొచ్చి, పక్షి సగం పీకి వదిలేసిన కోడిలా తయారైంది.

దాని పేరు సీలా. ఒళ్లంతా బూడిద రంగు, తోక మాత్రం ఎరుపు. ఆబిడ్స్‌లో హెర్బర్టు పనిచేసే వాయిద్యాల దుకాణం యజమాని ఇంద్రసేన తొమ్మిదేళ్ల కిందట హిమాయత్‌నగర్‌లో అపార్టుమెంటుకు మారుతూ దాన్ని పంజరంతో సహా వీళ్లకిచ్చేశాడు. వచ్చిన రోజే పంజరంలో కూచుని అది ఈల అందుకుంటే, "చెరసాలల పౌలు, సీల పాడినట్టే పాడుతున్నది" అని హెర్బర్టు భార్య సుగుణమణి ఆ పేరు పెట్టింది.

సుగుణమణి మిషన్ బడిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైంది. పిల్లలు లేరు. నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనక సందులో, పాత ఇంటి పై వాటాలో మొగుడూ పెళ్లాలిద్దరే. హెర్బర్టు పొద్దున తొమ్మిదిన్నరకు పోయి పియానోల శ్రుతి సరిచేసి, హార్మోనియం పెట్టెల తిత్తులు మార్చి, చీకటి పడే వేళకు వచ్చేవాడు. పగలంతా చెవుల నిండా శబ్దమే కాబట్టి ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. ఆ లోటు చిలుక తీర్చింది. కుక్కరు కూత, స్టేషన్లో మైకు మోగే ముందు వచ్చే గంట, కింది వాటా వాళ్ల దగ్గు, అన్నీ పట్టేసింది. అన్నిటికన్నా బాగా పట్టింది హెర్బర్టు గొంతు. "మణీ, చాయ్" అని అచ్చం అతనిలాగే, కాస్త ముక్కుతో, రోజుకు ఇరవైసార్లు పిలిచేది.

"పెండ్లయిన కొత్తల నువ్వు గూడ గిట్లనే పిలుస్తుంటివి" అనేది సుగుణమణి నవ్వుతూ. హెర్బర్టు కూడా నవ్వేవాడు. కానీ తన గొంతుతో తన భార్యను ఇంకెవరో పిలుస్తుంటే, ఆమె "వస్తున్న బిడ్డా" అని వంటింట్లోంచి పలుకుతుంటే, అతనికి లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. పక్షి మీద అసూయేంటి అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు.

ఈకలు రాలడం మొదలయ్యాక సీలా గొంతు మూగబోయింది. ఈల లేదు, పిలుపు లేదు. దగ్గరికెళ్తే గుర్రుమనేది. గింజల గిన్నె తిరగదోసేది. రోజూ సాయంత్రం దాని తల నిమరడం సుగుణమణికి అలవాటు. ఒక సాయంత్రం అలాగే వేలు పెట్టింది. ఏ మొలకకు తగిలిందో ఏమో, సీలా ఆమె బొటనవేలిని ముక్కుతో పట్టి, ఎముక తగిలేదాకా నొక్కింది.

ఆమెకు పన్నెండేళ్లుగా షుగరు. పుండు మానలేదు, చీము పట్టింది. రెండు వారాలు దవాఖానకు తిరిగి కట్టు కట్టించుకున్నారు. "ఇంకోసారి ఇట్లయితే వేలు దక్కదమ్మా" అన్నాడు డాక్టరు. సుగుణమణి ఆ మాట దవాఖాన మెట్లు దిగేలోపే మరిచిపోయింది. హెర్బర్టు మరిచిపోలేదు. ఇంటికెళ్లగానే ఆమె కట్టు కట్టిన చెయ్యే మళ్లీ పంజరంలో పెట్టబోతుంటే మణికట్టు పట్టి లాగాడు.

"ఏమయ్యా, దానికి ఏదో బాధున్నది. నోరుండి గూడ చెప్పుకోలేకపోతున్నది. పశువుల డాక్టరుకు చూపిద్దాం."

"బాధ గాదు, బలుపు. ఇన్నేండ్లు నెత్తికెక్కిచ్చుకున్నవు గద."

"జర ఒక్కరోజు సెలవు పెట్టు. ఆటోల పోయొద్దాం."

"ఈ వానల పంజరం పట్టుకొని యాడికి పోతం? వాన తెరిపియ్యనీ" అన్నాడు. వాన తెరిపిచ్చింది, మళ్లీ పట్టుకుంది. అతను సెలవు పెట్టలేదు.

జూలై ఆఖరి ఆదివారం, ఆమె స్నానానికి వెళ్తే, హెర్బర్టు నీళ్ల గిన్నె నింపబోయాడు. సీలా అతని ఎడమచేతి నడిమి వేలు కొరికి వదలలేదు. విదిలించుకుని, నొప్పికి కళ్లు చీకట్లు కమ్మి, బల్ల మీది పేపరు చుట్టగా చుట్టి పంజరాన్ని కొట్టాడు. ఒకసారి కాదు, చెయ్యి అలిసేదాకా కొట్టాడు. పక్షి కడ్డీల మధ్య అటూ ఇటూ ఎగిరి కిందపడింది. రెక్కలో మొలుస్తున్న ఈక ఒకటి విరిగి, కింద పరిచిన కాగితం మీద నెత్తురు చుక్కలు పడ్డాయి. అంత చిన్న ఈకలో అంత నెత్తురుంటుందని అతనికి తెలియదు.

తడి జుట్టుతో వచ్చిన సుగుణమణి ఆ నెత్తురు చూసింది, పేపరు చుట్ట చూసింది. గోధుమపిండి తెచ్చి గాయం మీద అద్దింది. అప్పుడు సీలా ఆమెను కరవలేదు. కరిచే ఓపిక లేక అలా వణుకుతూ ఉండిపోయింది. రెండు రోజులు ఆమె హెర్బర్టుకు కంచం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

వేలు వాచి ఆ వారం అతను ఒక బడి పియానో శ్రుతి చేయలేకపోయాడు. దుకాణంలో సరుకు చేరవేసే ట్రాలీ ఆటో బీరయ్యది. వాచిన వేలు చూసి సంగతి అడిగి తెలుసుకున్నాడు.

"గింత ఫికరెందుకు సార్? చాదర్‌ఘాట్ల ఒక మేడమున్నది. మొన్ననే ఆళ్ల మనవనికి కీబోర్డు ఏసొచ్చిన. ఇంటి నిండ పిట్టలే. రెక్క ఇరిగినయి, కన్ను పోయినయి, ఎవలు తెచ్చిచ్చినా పెట్టుకుంటది. ఇచ్చేయ్‌రి."

ఆ బుధవారం మధ్యాహ్నం సుగుణమణి చర్చిలో స్త్రీల కూడికకు వెళ్లింది. హెర్బర్టు ఒంట్లో బాగాలేదని దుకాణం నుంచి వచ్చేశాడు. బీరయ్య గాలి రంధ్రాలున్న అట్టపెట్టె తెచ్చాడు. తువ్వాలు కప్పి పక్షిని పట్టుకుని పెట్టెలో పెట్టేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. ట్రాలీ సందు మలుపు తిరిగేదాకా హెర్బర్టు కిటికీ దగ్గరే నిలబడ్డాడు. ఆమె రాగానే చెప్పేద్దామనే అనుకున్నాడు. ఏడుస్తుంది, నాలుగు రోజులు అలుగుతుంది, వేలు మాత్రం మిగులుతుంది. చెప్పాల్సిన మాటలు కూడా కూర్చుకున్నాడు.

సుగుణమణి వచ్చింది. చెప్పులు విడుస్తూనే పంజరం వైపు చూసింది. దాని తలుపు తెరిచి ఉంది, పక్కన కిటికీ తెరిచి ఉంది.

"అయ్యో" అంది మెల్లగా. పంజరం దగ్గర కూలబడిపోయింది. "పోయేటప్పుడు గింజలేసిన. గొళ్లెం పెట్టిన్నా లేదా... ఆలస్యమైతున్నదని ఉరికిన. పెట్టలేదయ్యా. నేనే పెట్టలేదు."

హెర్బర్టు నోరు తెరిచాడు. కూర్చుకున్న మాటలు ఆమె నిందను తన మీదేసుకోవడంతో ఎటో పోయాయి. "ఏడ్వకు మణీ" అన్నాడు. అంతే అన్నాడు. మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది. మూడో రోజుకు చెప్పడం కుదరని పని అయిపోయింది.

ఆమె వెతకడం మొదలుపెట్టింది. రోజూ తెల్లవారి ఆరింటికి గింజల డబ్బా పట్టుకుని పబ్లిక్ గార్డెన్‌కు వెళ్లేది. అక్కడ చెట్ల మీద పచ్చ చిలుకలు గుంపులుగా ఉంటాయి. వాటిలో బూడిద రంగు కోసం మెడ నొప్పెట్టేదాకా చూసేది. "సీలా, బిడ్డా" అని పిలిచేది. నడకకు వచ్చినవాళ్లు ఆగి చూసేవాళ్లు. హెర్బర్టు వెంట వెళ్లేవాడు, వెళ్లకుండా ఉండలేక. ఆమె చెట్లను చూస్తుంటే అతను నేలను చూసేవాడు.

ఒక రాత్రి ఆమె తెల్లకాగితం తీసుకుని, ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాసిన గుండ్రటి అక్షరాలతో రాసింది. "చిలుక కనబడుటలేదు. బూడిద రంగు, ఎర్ర తోక. పేరు సీలా. మణీ అని పిలుచును. ఒంట్లో బాగులేదు, కరవవచ్చును, దయచేసి కొట్టవద్దు." ఆ చివరి మాట రాసేటప్పుడు ఆమె అతని వైపు చూడలేదు. అందుకే అతనికి ఎక్కువ తగిలింది. ఆబిడ్స్‌లో జిరాక్సు తీయించింది. గోడలకు, కరెంటు స్తంభాలకు ఎవరూ చింపలేనంత ఎత్తులో అంటించాలంటే ఆమె చేతులు అందవు. బంక డబ్బా పట్టుకుని, స్టేషన్ రోడ్డు నుంచి జీపీవో దాకా నలభై కాగితాలు హెర్బర్టే అంటించాడు. మూల లేచిపోతే అరచేత్తో మళ్లీ ఒత్తాడు. ఆమె కింద నిలబడి "జర సీదా పెట్టు" అంటుంటే సరిచేశాడు.

చర్చి దగ్గర పూలమ్మే మనిషి, ఏదో పిట్టను కాకులు పొడుస్తుంటే చూశానంది. ఏ రంగో గుర్తులేదంది. ఆ రోజు సుగుణమణి అన్నం ముట్టలేదు. షుగరు మాత్రలు వేసుకుందో లేదో ఆమెకే గుర్తుండేది కాదు. నెలాఖరు ఆదివారం చర్చిలో, ఎవరి అనుభవం వాళ్లు లేచి సాక్ష్యంగా చెప్పే వేళ, ఆమె నిలబడింది.

"దేవుడు నాకొక చిన్న ప్రాణిని అప్పగించిండు. అది బాధల ఉన్నప్పుడు నేను గొళ్లెం పెట్టుట మరిచి పోగొట్టుకున్న. నా అజాగ్రత్తను దేవుడు క్షమించాలెనని మీరందరు ప్రార్థన చెయ్యున్రి."

పక్క వరుసలో హెర్బర్టు పాటల పుస్తకం తెరిచి పట్టుకుని ఉన్నాడు. అక్షరాలు కనబడలేదు. పాస్టరయ్యగారు ప్రార్థన చేశాడు. హెర్బర్టు కూడా అందరితోపాటు ఆమెన్ అన్నాడు.

సెప్టెంబరు మూడో వారంలో బీరయ్య డోలు మోసుకొస్తూ అన్నాడు. "సార్, మీ చిలుక ఇప్పుడు మస్తుగున్నది. నిన్న చూసిన. మాట్లాడుతున్నది గూడ."

ఆ సాయంత్రమే హెర్బర్టు చాదర్‌ఘాట్ వెళ్లాడు. మూసీ వైపున్న సందులో రెండో అంతస్తు. తలుపు తీసినావిడ పేరు కమలకుమారి, అరవై ఐదేళ్లుంటాయి. వాళ్లది కోనసీమ వైపు ఊరట, తండ్రి ఉద్యోగానికని యాభై ఆరులోనే ఇక్కడికి వచ్చేశారట. పశువైద్య కాలేజీ లాబ్‌లో పనిచేసి రిటైరైంది. వరండాలో జాలీ కట్టి ఉంది. లోపల కొమ్మ మీద సీలా కూచుని ఉంది. మెడ నిండా కొత్త ఈకలు, ఒక్కొక్కటీ అంచు దిద్దినట్టు. తోక నిప్పులా ఉంది.

"ఏం మందు ఇచ్చారమ్మా?"

"మందేముందండీ. దానికి రోగమైతే కదా" అంది కమలకుమారి. "ఒక్కో ఏడు ఇలా ఈకలన్నీ మార్చుకుంటాయి. కొత్త ఈక మొలిచేటప్పుడు దాని గొట్టం నిండా నెత్తురుంటుంది. ముట్టుకుంటే పచ్చిపుండు ముట్టుకున్నట్టే. అందుకే కరుస్తుంది. మనిషికి ఒళ్లంతా సెగ్గడ్డలు లేస్తే ఎంత చిరాగ్గా ఉంటాడు చెప్పండి. నేను చెయ్యి పెట్టలేదు, అంతే. గోరువెచ్చటి నీళ్లు తుంపర్లుగా చల్లేదాన్ని. ఉడకబెట్టిన గుడ్డు, మునగాకు పెట్టేదాన్ని. పొద్దుగూకగానే బట్ట కప్పి పడుకోనిచ్చేదాన్ని. దూరంగా కూచుని కబుర్లు చెప్పేదాన్ని. ఆరేడు వారాలు ఓపిక పట్టాలి. మీకెవరూ చెప్పలేదా?"

"అడగలేదమ్మా" అన్నాడు హెర్బర్టు.

"ఒక రెక్కలో ఈక విరిగి ఉందండి, వచ్చినప్పుడు. ఎక్కడో దెబ్బ తగిలినట్టుంది. అది కూడా మళ్లీ మొలిచింది."

హెర్బర్టు కుర్చీ అంచు పట్టుకున్నాడు. అప్పుడు సీలా మెడ వంచి, అతని గొంతుతో, కాస్త ముక్కుతో పిలిచింది. "మణీ."

"ఇదిగో, మూడు వారాల నుంచి ఇదే మాట" అంది కమలకుమారి. "పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరినో పిలుస్తూనే ఉంటుంది. మణి అంటే ఎవరండీ?"

"నా భార్య."

"ఆవిడకి తెలిసే ఇచ్చారా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ మంచినీళ్లు తెచ్చిచ్చి, "తీసుకెళ్లండి, ఎప్పుడైనా సరే" అంది.

మర్నాడు పొద్దున పబ్లిక్ గార్డెన్‌లో సుగుణమణి అలిసిపోయి సిమెంటు బెంచీ మీద కూచున్నప్పుడు హెర్బర్టు చెప్పాడు.

"మణీ. సీలా ఎగిరిపోలేదు. నేనే ఇచ్చేసిన."

ఆమె చెట్టు మీంచి చూపు తిప్పలేదు. విన్నదో లేదో అనుకున్నాడు.

"ఎవరికి?"

"చాదర్‌ఘాట్ల ఒకామెకు. మంచిగున్నది. నిన్న చూసొచ్చిన."

"ఎప్పుడిచ్చినవు?"

"ఆ బుధవారమే. నువ్వు కూడికకు పోయినప్పుడు. నీ వేలు పోతదని భయమైంది. అదొక్కటే గాదు. అది నిన్ను పిలుస్తుంటే నాకు మంచిగనిపిస్తుండకపోయేది" అన్నాడు. ఆ మాట చెప్పాలని అతను అనుకోలేదు. వచ్చేసింది.

ఆమె గింజల డబ్బా మూత పెట్టింది. "చర్చిల నేను నిలబడి చెప్పుకున్ననాడు నువ్వు ఆడనే ఉన్నవు."

"ఔ."

"ఇన్నవు."

"ఇన్న."

"గోడలకు కాగితాలు గూడ నీ చేతులతోనే అంటిచ్చినవు."

హెర్బర్టు తల ఊపాడు. ఆమె వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. "యాభై రోజులు దాటింది" అంది. తర్వాత లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "నడువు. చూపియ్యి."

చాదర్‌ఘాట్‌లో జాలీ దగ్గర ఆమె చెయ్యి చాచబోయి ఆగింది. "ఇప్పుడు ముట్టుకోవచ్చండి, తల దగ్గర ఈకలన్నీ విచ్చుకున్నాయి" అంది కమలకుమారి. సీలా కొమ్మ మీద పక్కకు జరుగుతూ జరుగుతూ వచ్చి, ఆమె వేళ్ల కింద తల వంచింది. సుగుణమణి ఆ ముక్కూ మొహం తెలియని మనిషి ముందు వెక్కి వెక్కి ఏడ్చింది. కమలకుమారి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. హెర్బర్టు మెట్ల దగ్గరే నిలబడ్డాడు. వచ్చే దారంతా ఆటోలో, కమలకుమారి ఇచ్చిన చిన్న పంజరం ఆమె ఒడిలో ఉంది. ఆమె మొహం అవతలి వైపుంది.

ఆ వారమంతా ఆమె స్టూలు పట్టుకుని తిరిగి, స్తంభాల మీద కాగితాలు ఒక్కొక్కటే గీకి తీసింది. హెర్బర్టు తాను తీస్తానంటే, "వద్దు" అంది. తిట్టలేదు, అలగలేదు. వేళకు చాయ్ ఇచ్చేది. సీలా "మణీ" అంటే పలికేది. హెర్బర్టు "మణీ" అంటే తలెత్తి చూసేది, ఏం కావాలన్నట్టు.

ఆదివారం చర్చిలో ఆమె లేచి, "నా చిలుక దొరికింది. దేవునికి స్తోత్రం" అని కూచుంది. సంఘమంతా సంతోషపడింది. హెర్బర్టు తర్వాతి మాట కోసం ఎదురు చూశాడు. తర్వాతి మాట లేదు. ఇంటికొచ్చే దారిలో ఆమే అంది. "నీ సంగతి నేను చెప్ప. నీది నువ్వు చెప్పుకోవాలె."

అతనికి ఆరు ఆదివారాలు పట్టింది. నవంబరులో ఒక ఆదివారం, సాక్ష్యాల వేళ ముందు బల్ల పట్టుకుని లేచాడు. భార్య అజాగ్రత్త ఏమీ లేదని, చిలుకను తానే ఎత్తి ఇచ్చేశానని, ఆమె ఇన్ని రోజులు వెతుకుతుంటే చూస్తూ ఊరుకున్నానని, కాగితాలు కూడా తానే అంటించానని చెప్పాడు. చిలుక తన గొంతుతో పిలిస్తే ఓర్వలేకపోయానని కూడా చెప్పాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వెనక వరుసలకు పాకింది. చిలుక మీద అసూయపడ్డ మొగుడు, తానే దాచి తానే కాగితాలంటించిన మొగుడు. అందరికీ అదొక తమాషాగా కనబడింది. అయ్యగారు కూడా చిరునవ్వు ఆపుకోలేక, "మన హెర్బర్టన్న నిజాయితీకి దేవునికి స్తోత్రం" అన్నాడు. బయటికొచ్చాక డోర్కాసమ్మ, సుగుణమణితో కలిసి పనిచేసిన టీచరు, అతని భుజం తట్టి, "ఏం మనిషివయ్యా, చిలుకతోని పోటీనా" అంది. అతను కూడా నవ్వాల్సి వచ్చింది. నవ్వుతూ చూస్తే, గేటు దగ్గర సుగుణమణి ఒక్కతే నవ్వకుండా నిలబడి ఉంది. యాభై రోజుల ఆమె దుఃఖం అక్కడ అందరి కాళ్ల కింద పడి ఉన్నట్టనిపించింది అతనికి. చెప్పకపోయినా తప్పే అయ్యేది. చెప్పినా దానికి ఇంకో గాయం తోడైంది.

ఇంట్లో ఆమె చీర మార్చుకోకుండానే కుర్చీలో కూచుంది.

"నవ్విన్రు గద" అంది.

"ఔ."

"నవ్వే ముచ్చటనా అది?"

"గాదు."

కింద ఎవరో మోటారు వేశారు, ట్యాంకులోకి నీళ్లు ఎక్కుతున్న చప్పుడు. ఆమె లేచి గోరువెచ్చటి నీళ్లు సీసాలో పోసుకుని పంజరం దగ్గరికెళ్లింది, తుంపర్లు చల్లడానికి. హెర్బర్టు వెనకే వెళ్లి, ఏం చేయాలో తోచక గుమ్మంలో ఆగాడు. సీలా రెక్క చాపింది. సుగుణమణి తిరిగి చూడకుండానే అంది.

"ఆడనే ఉండు. రెక్క కింద ఇంకా రెండు మొలకలున్నయి, కొత్త మనిషొస్తే బెదురుతది."

అతను అక్కడే ఉన్నాడు.